కలెక్షన్ కోసం అమ్మే కాయిన్స్ పోస్టులో పంపడానికి మామూలు కవరా, ట్రాకింగా, ఇన్సూరెన్స్‌తో రిజిస్టర్డా? ఏది మేలు?

ఇంత చిన్న కాయిన్‌కి అంత షిప్పింగా అని బయ్యర్ అడుగుతాడు, దారిలో పోతే నా నెత్తినే పడుద్ది కదండీ అని సెల్లర్ అంటాడు, ఇద్దరి మాటా నిజమే. నేనైతే ముందు ఒకటే చూస్తాను, ఈ కాయిన్ పోతే నష్టం ఎంత, అది ఎవరు భరించాలి అని. అది తేలితే ఎలా పంపాలో దాదాపు తేలిపోయినట్టే.

మామూలు కవర్ అన్నిటికన్నా చవక. డూప్లికేట్లు (నకిలీవి కాదు, మన దగ్గర ఒకటికి మించి ఉన్నవి), చిల్లర కాయిన్లు, పోయినా పర్లేదు అనుకునేవి దేశం లోపల ఇలా పంపుకోవచ్చు. కాకపోతే అందరూ అనుకున్నంత చవక కూడా కాదు, ఎందుకంటే చాలా దేశాల్లో లెటర్ మొదటి రేటు 20 గ్రాముల వరకే ఉంటుంది, పాత అమెరికన్ వెండి నాణెం మోర్గాన్ డాలర్ ఒక్కటే 26.73 గ్రాములు, అమెరికాదే ఔన్స్ వెండి కాయిన్ సిల్వర్ ఈగిల్ అయితే 31.1, దాని పైన కాయిన్ పెట్టే హోల్డరూ అట్టముక్కా కలిపితే ఇంకో రేటుకి ఎక్కేస్తుంది. పైగా లెటర్లు సార్టింగ్ మెషిన్‌లో రోలర్ల మధ్య నుంచి వెళ్తాయి, లోపల కాయిన్ అటూ ఇటూ కదులుతుంటే కాగితం చింపుకుని బయటికొచ్చేస్తుంది, బయ్యర్‌కి చేరేది చిరిగిన ఖాళీ కవర్. అప్పుడు సెల్లర్ చేతిలో చూపించడానికి ఏ రుజువూ ఉండదు. వేరే దేశానికైతే ఈ పద్ధతి అసలు వద్దు, దేశాల మధ్య పోస్టు నియమాలు చూసే యూనివర్సల్ పోస్టల్ యూనియన్ ఒప్పందం ప్రకారమే ఇన్సూరెన్స్ లేని లెటర్‌లో కాయిన్స్ పెట్టకూడదు, పంపే దేశం, అందుకునే దేశం రెండిటి చట్టాలూ ఒప్పుకుంటే మూసిన కవర్‌లో రిజిస్టర్డ్‌గా పంపొచ్చు, అంతే.

ట్రాకింగ్ ఉన్న ప్యాకెట్ మధ్య రకం కాయిన్లకి బాగుంటుంది. కానీ ట్రాకింగ్ ఉంది కాబట్టి డబ్బులు సేఫ్ అనుకోకండి, ట్రాకింగ్ చెప్పేది ప్యాకెట్ ఎక్కడుంది, చేరిందా లేదా అనే. పోతే డబ్బులిచ్చేది ఇన్సూరెన్స్, రెండూ వేరు. ఆన్‌లైన్ అమ్మకాల సైట్ ఈబేలో 750 డాలర్లు, ఆ పైన ఆర్డర్ అయితే "నాకు రాలేదు" అనే కేసులో సెల్లర్ గెలవాలంటే ట్రాకింగ్ ఒక్కటే సరిపోదు, బయ్యర్ సంతకం కూడా ఉండాలి.

విలువైన కాయిన్‌కి మాత్రం ఇన్సూరెన్స్‌తో రిజిస్టర్డే. లేటవుతుంది, ఒప్పుకుంటాను, చేతులు మారిన ప్రతిచోటా రికార్డ్ చేస్తారు కాబట్టే లేటు, భద్రత వచ్చేది కూడా దానివల్లే. 1958లో అమెరికా నగల వ్యాపారి హ్యారీ విన్‌స్టన్ పేరున్న హోప్ డైమండ్ వజ్రాన్ని వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియానికి పంపింది మామూలు రిజిస్టర్డ్ పోస్టులోనే, మొత్తం 145.29 డాలర్లు అయితే అందులో అసలు పోస్టేజీ 2.44 డాలర్లే, మిగతాదంతా 10 లక్షల డాలర్ల ఇన్సూరెన్స్‌కి. అంటే ఖరీదైన వస్తువుకి మనం కట్టేది బరువుకి కాదు, రిస్కుకి. కొరియర్ వేగంగా వెళ్తుంది గానీ కాయిన్స్ పోతే డబ్బులివ్వబోమని షరతుల్లో రాసి పెట్టుకునే కంపెనీలున్నాయి, డబ్బు కట్టేముందే ఆ షరతులు చదవండి.

ఇక ఫ్రీ షిప్పింగా, విడిగా షిప్పింగా అన్నది. ఒక్క కాయిన్ కొనేవాడికి పెద్ద తేడా లేదు, ఫ్రీ అన్నచోట అది ధరలోనే కలిసి ఉంటుంది. అమ్మేవాళ్ళకి కూడా విడిగా పెట్టి ఫీజు మిగుల్చుకునే దారి ఈబేలో లేదు, ఫీజు షిప్పింగ్‌తో కలిపిన మొత్తం మీదే వేస్తారు. అసలు తేడా ఎక్కువ కాయిన్లు కొన్నప్పుడు తెలుస్తుంది. 100కి కాయిన్, 60 షిప్పింగ్ అనుకోండి, ఒక్కటే కొంటే దండగ, అదే సెల్లర్ దగ్గర 5 తీసుకుంటే కలిపి పంపడానికి ఓ 75 అవుతుంది, కాయిన్‌కి 15 పడుతుంది. ఫ్రీ షిప్పింగ్ లిస్టింగులైతే 5 సార్లు 60 కట్టినట్టే. అందుకే నా ఓటు విడిగా షిప్పింగ్ పెట్టి కంబైన్ చేసే సెల్లర్‌కే, బిడ్ వేసేముందు ఒక మెసేజ్ పెట్టి అడగండి, చాలామంది ఒప్పుకుంటారు.

ఏ పద్ధతిలో పంపినా కాయిన్ కదలకుండా రెండు అట్టముక్కల మధ్య టేప్ వేయండి, కవర్ మీద కాయిన్స్ అని కనపడేలా రాయకండి (కస్టమ్స్ ఫారమ్ వేరు, అందులో నిజమే రాయాలి). కాయిన్ మెత్తటి పీవీసీ ఫ్లిప్‌లో (ప్లాస్టిక్ కాయిన్ కవర్‌లో) వస్తే రాగానే తీసి వేరేదాంట్లో పెట్టండి, ఉంచేస్తే కాయిన్ మీద ఆకుపచ్చ జిగురు పడుతుంది. కస్టమ్స్ తగ్గించుకుందామని విలువ తక్కువ రాయమని సెల్లర్‌ని అడిగే బయ్యర్లున్నారు, అది తప్పు, పైగా ప్యాకెట్ పోతే క్లెయిమ్‌లో ఆ రాసిన విలువే వస్తుంది, మిగతాది ఎవరూ ఇవ్వరు.