రోడెల్ చర్చిలో మెక్లౌడ్ నాయకుడి సమాధి

స్కాట్లాండ్ పశ్చిమ ద్వీపాలలో మేము గడిపిన ఐదు రోజులలో మూడు రోజులు ఏ చిక్కూ లేకుండా గడిచాయి. చెప్పవలసినవి రెండే: స్కై ద్వీపంలో మేము దిగిన బస, హారిస్ ద్వీపం దక్షిణపు కొసన ఉన్న రోడెల్ చర్చి.

ఆ బస ఒక ఇంటి మేడమీది గది. రాత్రికి 118 పౌండ్ల చొప్పున రెండు రాత్రులకు ముందే చెల్లించాము. రాత్రి పదింటికి హీటరు ఆగిపోయింది. అక్క రెండు కోట్లు తొడుక్కొని తెల్లవార్లూ కూర్చుంది. అడిగితే, వేసవిలో అంతకుమించి హీటరు వేయబోమని చెప్పి ఇంటావిడ తలుపు మూసుకుంది. రెండో రాత్రి ఉండబోమంటే ఒక్క పౌండు కూడా వెనక్కి ఇవ్వలేదు. బావగారు మరునాడు ఊయిగ్ రేవులో ఓడ ఎక్కేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

గంటా నలభై నిమిషాలలో హారిస్‌లోని టార్బర్ట్ రేవు చేరి, అక్కడినుంచి కారులో రోడెల్ వెళ్ళాము. చర్చికి ప్రవేశ రుసుము లేదు. లోపల గోడలో తొలిచిన కమాను కింద, నల్లరాతి కవచం ధరించి, కత్తి పట్టుకొని పడుకున్నవాడు అలస్టేర్ మెక్లౌడ్. స్కై ద్వీపంలోని డన్వేగన్ కోట ఏలిన మెక్లౌడ్ వంశపు 8వ నాయకుడు. 13వ శతాబ్దికి చెందిన లియోడ్ ఈ వంశానికి మూలపురుషుడు. అతడు మాన్ ద్వీపపు రాజు ఓలాఫ్ కొడుకని వంశస్థులు చెప్పుకుంటారు. యుద్ధంలో వీపున తగిలిన గాయంతో గూని ఏర్పడినందున అలస్టేర్‌కు 'క్రోటక్', అంటే గూనివాడు, అనే పేరు వచ్చిందని అంటారు. అతడు చనిపోయింది సుమారు 1547లో అయినా సమాధిని 1528లోనే, తాను బతికుండగానే చెక్కించుకున్నాడు.

ఫోను వెలుగు దగ్గరగా పట్టి చూస్తే కమాను కింద తెరచాప ఎత్తిన ఓడ, దాని పలకల అతుకులతో సహా కనిపించింది. 1498లో స్కాట్లాండ్ రాజు నాలుగో జేమ్స్ భూముల పట్టా ఇస్తూ, 26 తెడ్ల ఓడ ఒకటీ, 16 తెడ్ల ఓడలు రెండూ తన సేవకు సిద్ధంగా ఉంచాలని ఇతనికే షరతు పెట్టాడు. ఆ మాట చెప్పగానే బావగారు మోకాళ్ళ మీద కూర్చొని తెడ్ల రంధ్రాలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఒక రాతి పలకలో జింకల వేట, మరో పలకలో ఆత్మలను తూచే మిఖాయేలు దేవదూత ఉన్నారు. ఉదయం రానని మొరాయించిన అక్కను చివరికి చేయి పట్టుకొని బయటికి తీసుకురావలసి వచ్చింది.

చేతిలో ఒక్కరోజే ఉంటే కోటను వదిలి ఇక్కడికే రండి. టార్చి తెచ్చుకోండి. ఆదివారం మాత్రం వద్దు. హారిస్‌లో ఆ రోజు బస్సులు నడవవు, దుకాణాలు తెరవరు.