హోంమంత్రికి అర్జీ: బెంగళూరులో ఈ దారి ఎంతవరకు పనికొస్తుంది?

స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు మనవాళ్ల నోట మొదట వచ్చే మాట ‘ఎమ్మెల్యేతో చెప్పిద్దాం’. అదీ కాదంటే ‘హోంమంత్రికి అర్జీ పెడదాం’. పోలీసుల మీద ఎన్నికైనవాళ్ల అజమాయిషీ ఉండాల్సిందే. కానీ మామూలు మనిషికి అందే సేవగా చూస్తే, విధానసౌధకు పెట్టే అర్జీ మొదటి మెట్టుగా దండగ, ఆఖరి మెట్టుగా కొంత మేలు.

కాగితం నడిచే దారి చూస్తే కారణం తెలుస్తుంది. అర్జీ మంత్రి కార్యాలయం నుంచి హోంశాఖకు, అంటే ఒళాడళిత ఇలాఖెకు వెళ్తుంది. అక్కణ్ణుంచి కమిషనర్, డీసీపీ, ఏసీపీల మీదుగా దిగుతూ, చాలాసార్లు ఎవరి మీద చెప్పుకున్నామో ఆ స్టేషన్ బల్ల మీదికే చేరుతుంది. వాళ్లు ఒక హింబరహ ఇస్తారు. ఎండార్స్‌మెంట్‌కు ఇక్కడి మాట అది. ‘ఇది సివిల్ వ్యవహారం, కోర్టులో తేల్చుకోండి’ అని రెండు వాక్యాలు, కింద సీలు. అద్దె అడ్వాన్సు గొడవల్లో తరచూ వచ్చే జవాబు ఇదే. పైగా ఫలానావాణ్ణి అరెస్టు చేయమనో, ఛార్జిషీటు ఇలా రాయమనో చెప్పడం మంత్రి పని కాదు. దర్యాప్తు చట్టప్రకారం దర్యాప్తు అధికారిది.

పోల్చి చూడ్డానికి, ఇంగ్లండ్, వేల్స్‌లో 2012 నుంచి పోలీస్ అండ్ క్రైమ్ కమిషనర్లను జనమే ఓటేసి ఎన్నుకుంటున్నారు. చీఫ్ కానిస్టేబుల్ నియామకం, బడ్జెట్ వాళ్ల చేతిలో ఉంటాయి. దర్యాప్తుల్లో మాత్రం వేలు పెట్టకూడదు. ఆ పదవిని 2028లో ఎత్తేస్తామని అక్కడి ప్రభుత్వం 2025లో ప్రకటించింది. అయినా అందులో ఒక మంచి ఏర్పాటుంది. పోలీసుల మీద ఇచ్చిన చాలా ఫిర్యాదుల్లో వాళ్ల జవాబు నచ్చకపోతే, 28 రోజుల్లోపు ఆ ఎన్నికైన కమిషనర్ కార్యాలయాన్నే సమీక్ష అడగవచ్చు. కాగితం పోలీసు శాఖ గడప దాటుతుంది. మన అర్జీకి లేనిది సరిగ్గా అదే.

కాబట్టి పని స్టేషన్ నుంచే మొదలుపెట్టాలి. దూరు (ఫిర్యాదుకు కన్నడ మాట) రెండు ప్రతులు తీసుకెళ్లి, రెండోదాని మీద తేదీ, సమయం, సీలు వేయించుకోండి. నోటితో చెప్తే రాసుకుని చదివి వినిపించడం బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం వాళ్ల బాధ్యత. తెలుగు చదివేవాళ్లకు కన్నడ లిపి కాస్త నిదానిస్తే అందుతుంది. సంతకానికి ముందు తేదీ, స్థలం, డబ్బు లెక్క సరిచూడండి. బండి దొంగతనమైతే ఛాసిస్ నంబరు ఒక్కో అంకె ఆర్‌సీతో పోల్చండి. ఒక్క అంకె తేడా వచ్చినా తర్వాత ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఆగొచ్చు. ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితం, అడిగి తీసుకోండి.

‘ఫిర్యాదు తీసుకోం’ అంటే గొడవపడొద్దు. అదే ఫిర్యాదును 173(4) కింద డీసీపీకి స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు పారేయకండి. అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేటు దగ్గరికి, 175(3) కింద. ఈ రసీదు లేకుండా నేరుగా కోర్టుకెళ్తే అర్జీ అక్కడే ఆగిపోతుంది. ఎమ్మెల్యే ఫోన్‌తో వచ్చే చిక్కూ ఇదే: పని జరిగితే సరి, జరగకపోతే చేతిలో చూపించడానికి కాగితం ముక్క ఉండదు.

ఇవన్నీ చేశాక మంత్రికి రాయండి. ఒక్క పేజీ చాలు. సీలు పడిన ప్రతి, పోస్టు రసీదు జతచేయండి. ‘న్యాయం చేయండి’ అని రాస్తే కిందికి పంపడం తప్ప వాళ్లకు వేరే పని ఉండదు. ‘ఫలానా తేదీన ఇచ్చిన దూరు మీద ఏం నిర్ణయించారో రాతపూర్వకంగా తెలపాలి, విచారణ ఆ స్టేషన్‌కు కాకుండా పై అధికారికి అప్పగించాలి’ అని అడగండి. ఆ రెండో వాక్యమే అర్జీకి ప్రాణం. అది లేకపోతే కాగితం బయల్దేరిన చోటికే తిరిగొస్తుంది. ఇన్‌వర్డ్ నంబరు, అంటే కాగితం అందినట్టు కార్యాలయం వేసే నంబరు, తప్పక రాయించుకోండి.

కస్టడీలో చావు, తీవ్ర గాయం వంటివాటికి ఈ దారి వద్దు. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన పోలీస్ కంప్లయింట్స్ అథారిటీ అందుకే ఉంది. ఎస్పీ, ఆపై స్థాయివాళ్ల మీదైతే రాష్ట్ర అథారిటీకి, డీఎస్పీ వరకైతే జిల్లా అథారిటీకి వెళ్లాలి.

నెల దాటినా జవాబు రాకపోతే పది రూపాయల పోస్టల్ ఆర్డర్‌తో ఆర్‌టీఐ వేయండి. కర్ణాటక నిబంధనల్లో ఒక దరఖాస్తుకు ఒకే విషయం, 150 పదాలే. ఇన్‌వర్డ్ నంబరు రాసి, ఆ ఫైలు మీద ఏ తేదీన ఎవరు ఏం రాశారో నోట్‌షీట్ నకలు అడగండి, చాలు.