బరంపురం ఎండల్లో ఏ బ్లాక్ అండ్ వైట్ రీలు కొనాలి? వాడి చూసి చెప్తున్నా

పాత పెంటాక్స్ కె1000 లో వేసి అవగొట్టిన రీళ్ల గురించి రాద్దామని చాన్నాళ్లుగా అనుకుంటున్నా, బద్ధకం. రివ్యూలు చాలా ఉన్నాయి, గ్రెయిన్ (బొమ్మలో కనిపించే నలుసులు) అంటారు టోన్లు అంటారు, బాగానే ఉంటాయి, కానీ అవి రాసేవాళ్ల కుళాయిలో నీళ్లు చల్లగా వస్తాయి. మా ఒడిశా బరంపురంలో మే నెల మధ్యాహ్నం మేడ మీద ట్యాంకు నీళ్లలో థర్మామీటర్ పెడితే 34 చూపించింది. రీళ్లు నేనే ఇంట్లో కడుక్కుంటా, కాబట్టి ఏ రీలు కొనాలన్నది నాకు ఆ నీళ్ల దగ్గరే మొదలవుతాది.

ఈ మాట ముందు చెప్పింది మా చిన్నమావయ్య. పర్లాకిమిడిలో ఒక స్టూడియోలో డార్క్‌రూం పని చేసేవాడు, ఊటీలో హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్లు తీసిన ఇందు రీళ్లు బోలెడు కడిగాడు. "మావయ్యా, ఇల్ఫోర్డ్ హెచ్‌పీ5 మంచిదా కొడాక్ ట్రై-ఎక్స్ మంచిదా?" అంటే "ముందు నీళ్ల సంగతి చూసుకోరా, రీలుదేటుంది, దేన్లో అయినా బొమ్మ పడతాది" అన్నాడు. నవ్వుకున్నా. వారం తిరక్కుండా ఒక రీలుని (ఏ కంపెనీదో అనవసరం, తప్పు నాది) హైపో (బొమ్మని నిలబెట్టే మందు) అయ్యాక తిన్నగా కుళాయి కింద పెట్టి, ఆరేసే ముందు నీళ్లు దిగాలని రెండు వేళ్ల మధ్య పట్టి కిందకి లాగా. వేడినీళ్లకి పూత నానిపోయి మెత్తగా ఉంటాది కదా, 36 ఫొటోల పొడుగునా రెండు గీతలు, రైలు పట్టాల్లాగ.

అక్కడ్నుంచి నా లెక్క మారింది. కాస్త అటూ ఇటూ అయినా ఓర్చుకునే రీలు కావాలి, అది ఇల్ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్. 1989 నుంచి ఉన్న సరుకు, స్పీడు 400 (ఈ అంకె పెరిగేకొద్దీ తక్కువ వెలుగు చాలు), పాతకాలపు గ్రెయిన్. ఒక డిగ్రీ తేడా వచ్చినా అర నిమిషం ఎక్కువైనా నెగిటివ్ చేతికొస్తాది. డీ-76 అనే డెవలపర్‌లో (బొమ్మని పైకి తెచ్చే మందు) అంతే నీళ్లు కలిపి 1+1 చేస్తే 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు, 24 దగ్గర 8 నిమిషాల దరిదాపు. నీళ్లు కలపకపోతే 20 దగ్గరే ఏడున్నర నిమిషాలు, వేడి పెరిగేకొద్దీ ఆ టైం తగ్గిపోయి 5 నిమిషాల లోపుకి వచ్చేస్తాది, అంత తొందరలో డెవలపర్ రీలంతా సమానంగా పట్టదు, ఆకాశం మచ్చలు మచ్చలుగా వస్తాది. అందుకే ఎండాకాలం ఎప్పుడూ 1+1. ఆ 24 కి దింపడానికి కూడా ఫ్రిజ్ ఐసు చాలదు, చేపల బండి దగ్గర ఒక గడ్డ కొని బకెట్లో వేసి సీసాలు అందులో నిలబెడతా, రెండ్రోజులు బాత్రూం అంతా చేపల కంపు, అమ్మ తిట్లు ఎక్స్‌ట్రా.

కిందటి ఠాకురాణి జాత్రలో రాత్రిపూట ఇదే రీలుని 1600 కి పెట్టి తీశా, అంటే స్పీడు 1600 అనుకుని తీసి, ఆ లోటుకి ఎక్కువసేపు కడగడం, దాన్నే తొయ్యడం అంటాం. పులి వేషం కట్టిన కుర్రాడు ట్యూబులైటు కింద టీ తాగుతున్నాడు, చెమటకి బుగ్గ మీద చార కరిగి మెడ దాకా జారింది, ఆ చార నెగిటివ్‌లో విడిగా కనిపిస్తోంది. వెనకాల చీకట్లో ఏమీ లేదనుకోండి, 1600 కి తోస్తే నీడలు పోతాయి, తెలిసే చేశా.

గోపాల్‌పూర్ బీచ్‌కి మాత్రం 400 రీలు తీసుకెళ్లకండి. నా కెమెరాలో షట్టర్ సెకనులో 1000వ వంతుతో సరి. పొద్దెక్కాక ఇసకా నురగా మెరిసిపోతుంటే 1000 పెట్టినా లెన్సు కన్నం ఎఫ్ 16 దాకా మూసుకోవాల్సి వస్తాది, ఇంక వెనకాల మసక ఏం చేస్తారు. అక్కడ ఎఫ్‌పీ4 ప్లస్, స్పీడు 125. అదే ఎండలో ఎఫ్ 8 కి తెరవొచ్చు, ఎల్లో ఫిల్టర్ పెడితే ఒక స్టాప్ (అంటే సగం వెలుగు) తినేస్తాది కాబట్టి ఇంకా తెరవొచ్చు, ఆకాశం కూడా కాస్త ముదురుతాది. వల లాగుతున్న మన తెలుగు జాలర్లని దీంతో తీశా, నెగిటివ్‌ని కిటికీకి పెట్టి భూతద్దంతో చూస్తే వల ముళ్లు లెక్కపెట్టొచ్చు. నాకు అన్నిట్లోకీ ఇష్టమైన రీలు ఇదే, కానీ ఇంట్లో సాయంత్రం ఆరు దాటితే పనికిరాదు.

కొత్తగా నేర్చుకునేవాళ్లు కెంట్‌మియర్ 400 కొనండి. ఇల్ఫోర్డ్ రీళ్లు చేసే హార్మన్ వాళ్లదే, రేటు తక్కువ. 1600 కి తొయ్యాలంటే హెచ్‌పీ5 అంత సాగదు. బల్బుల చుట్టూ వెలుగు కాస్త చిమ్మినట్టుంటాది, నాకైతే దీపావళికి అది నచ్చింది. ఫోమాపాన్ చెక్ దేశం సరుకు, 400 అని రాసున్నదాన్ని చాలామంది 200 కో 250 కో పెట్టి తీస్తారు, నేనూ అంతే. రాత్రిపూట స్టాండ్ వేసి తీసేవాళ్లు జాగ్రత్త, మీటర్ 10 సెకన్లు అంటే దానికి 60 సెకన్లు ఇవ్వాలి, వాళ్ల కాగితంలోనే ఉంటాది ఆ లెక్క.

కొడాక్ టీ-మాక్స్, ఇల్ఫోర్డ్ డెల్టా రెండూ సన్న గ్రెయిన్, బ్రహ్మాండమైన రీళ్లు, ఏసీ గదీ ఓపికా ఉన్నవాళ్లకి. టీ-మాక్స్ అయితే టైం, వేడి కొంచెం తేడా పడినా కాంట్రాస్ట్ మారిపోతాది, చేపల ఐసుతో అయ్యే పని కాదు. ట్రై-ఎక్స్ బావుంటాది, కానీ నేను కొనే దగ్గర ఆ రేటుకి ఒక హెచ్‌పీ5 కొన్నాక ఇంకోదానికి సగం డబ్బులు మిగిలిపోతాయి. కలర్ ల్యాబ్ దగ్గర్లో ఉంటే ఎక్స్‌పీ2 (బ్లాక్ అండ్ వైటే, కానీ కలర్ మందుల్లో కడిగేది) వేసి కలర్ రీళ్లతో పాటే కడిగించుకోండి, ఈ బకెట్ల గోలే ఉండదు.

ఇంకోటి, వానాకాలంలో ఛేంజింగ్ బ్యాగులో (వెలుగు చొరని సంచి, రీలుని అందులోనే చుట్టకి ఎక్కించాలి) చేతులు పెడితే రెండు నిమిషాల్లో చెమట, ప్లాస్టిక్ చుట్టకి తడి తగిలిందంటే రీలు సగంలో పట్టేసి కదలదు. ముందు ఫ్యాన్ కింద పది నిమిషాలు కూర్చుని చేతులు ఆరాకే మొదలెట్టండి. ఆర్డర్లు కూడా నేను చలికాలంలోనే పెట్టుకుంటా, ఎండాకాలంలో కొరియర్ బండిలో ఎన్ని రోజులు మాడతాయో ఎవరు చూశారు. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బాని వెంటనే విప్పకండి, రెండు గంటలు బయట ఉంచాలి, లేదంటే లోపల తేమ పడతాది. ప్రస్తుతం పెరుగు గిన్నె పక్కన మూడు హెచ్‌పీ5, ఒక ఎఫ్‌పీ4 ఉన్నాయి, ఆ ఎఫ్‌పీ4 వచ్చే ఆదివారం గోపాల్‌పూర్ వెళ్తాది.