బోక్మాల్ నిఘంటువు: 'ఫీరింగ్సోల్యె'తో పరీక్షించి చూస్తే

బెర్గెన్ విశ్వవిద్యాలయం, నార్వే భాషా మండలి నడిపే ఈ ఆన్‌లైన్ నిఘంటువు ఉచితం. బోక్మాల్ అంటే నార్వీజియన్ భాషకున్న రెండు రాత రూపాల్లో ఒకటి. సమాసం పుట్టుక కావాలంటే ముక్కలుగా వెతకడమే మేలు. 'ఫీరింగ్' అంటే పొయ్యి మండించడం, మధ్యలో 'స్' ఉత్త అతుకు, చివరి 'ఒల్యె' నూనె. ఒల్యెకు మూలం లాటిన్ 'ఓలియం', దాని వెనక గ్రీకుల ఆలివ్ నూనె. మన నూనె కూడా నువ్వుల నెయ్యే కదా! ఆ లెక్కన అనంతపురం గానుగలో ఆడించే శెనక్కాయల నూనె పేరులోనూ నువ్వులే దాక్కున్నాయి.

'ఫీర్' అని మాత్రమే కొడితే నిప్పుతోపాటు లైట్‌హౌస్, కుర్రాడు కూడా వచ్చి పడతాయి; బెదరొద్దు. ఇక మొత్తం మాట 'ఫీరింగ్సోల్యె' అంటే ఇళ్లను వెచ్చబెట్టే నూనె; ఆ తేలిక రకం డీజిల్‌కు దగ్గర, కాబట్టి పరిశ్రమల్లో కాల్చే చిక్కటి ఫర్నేస్ ఆయిల్ అని అనువదిస్తే తప్పు. భవనాల వెచ్చదనానికి దాన్ని కాల్చడం నార్వేలో 2020 నుంచి నిషేధం. వివరణలన్నీ నార్వీజియన్‌లోనే ఉండటం కొత్తవాళ్లకు తలనొప్పే.