హన్మకొండలో గ్రాఫుల తరగతి: వేగ-కాల గ్రాఫులు చెప్పిన తీరుపై ఒక సమీక్ష

మా అమ్మాయి వెళ్లే హన్మకొండ ట్యూషన్‌లో ఈ వేసవి సెలవుల్లో గ్రాఫుల కోసమే ప్రత్యేకంగా ఒక బ్యాచ్ నడిపారు. తొమ్మిదో తరగతి చలనం పాఠంలోని వేగ-కాల గ్రాఫులను అక్కడ చెప్పిన పద్ధతి నాకు ఎంతో నచ్చింది కనుక, పిల్లలను చేర్పించాలనుకునే తల్లిదండ్రుల కోసం కొంత వివరంగా రాస్తున్నాను.

చాలామంది పిల్లలు గ్రాఫును బొమ్మలాగే చూస్తారు. గీత పైకి లేస్తే బండి గుట్ట ఎక్కుతోందనీ, అడ్డంగా సాగితే ఆగిపోయిందనీ అనుకుంటారు. దూర-కాల గ్రాఫులో అడ్డగీతకు నిజంగానే ఆగిపోవడం అని అర్థం కాబట్టి ఈ పొరపాటు మరింత గట్టిపడుతుంది. ఇక్కడి మాస్టారు గీత జోలికి వెళ్లకముందే అక్షాలను చదివిస్తారు. నిలువు అక్షం మీద మీ/సె, అడ్డం అక్షం మీద సెకన్లు ఉన్నాయని పిల్లల చేతనే చెప్పించి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే త్వరణం (వేగం మారే రేటు), గుణిస్తే మీటర్లు వస్తాయని వాళ్లే తేల్చుకునేలా చేస్తారు. అది అర్థమయ్యాక వాలు త్వరణాన్నీ, గీత కింది వైశాల్యం స్థానభ్రంశాన్నీ (బయలుదేరిన చోటి నుంచి చేరిన చోటికి ఉన్న తిన్నని దూరం) ఇస్తాయన్న మాట బట్టీ పట్టాల్సిన అవసరం రాదు.

లెక్కకు కాజీపేట నుంచి వరంగల్ వచ్చే ప్యాసింజరు బండిని తీసుకున్నారు. బండి 60 సెకన్లలో 15 మీ/సె వేగం అందుకుని, 600 సెకన్లు అదే వేగంతో నడిచి, 50 సెకన్లలో ఆగుతుందని అనుకోమన్నారు. గ్రాఫు కాగితం మీద అడ్డంగా సెంటీమీటరుకు 50 సెకన్లు, నిలువుగా 3 మీ/సె చొప్పున గీస్తే ఒక్కో చదరపు సెంటీమీటరు 150 మీటర్లవుతుంది. మా అమ్మాయి పెన్సిలుతో ఆ ట్రెపీజియంను నింపి, గళ్లు లెక్కపెట్టి, తర్వాత సూత్రంతో 9,825 మీటర్లని సరిచూసుకుంది. ఆ రెండు స్టేషన్ల మధ్య దూరం సుమారు పది కిలోమీటర్లే కాబట్టి జవాబు నమ్మదగ్గదేనని పిల్లలకు వెంటనే తెలిసింది.

నాకు అన్నిటికంటే నచ్చింది రెండు బస్సుల లెక్క. ఒక బస్సు 10 మీ/సె స్థిర వేగంతో స్టాపు దాటుతున్న క్షణంలోనే రెండోది అక్కడి నుంచి 0.5 మీ/సె² త్వరణంతో బయలుదేరుతుంది. గ్రాఫులో రెండు గీతలూ 20వ సెకను దగ్గర ఖండించుకోగానే బస్సులు కలిశాయని తరగతిలో సగం మంది చెప్పారు. అక్కడ వేగాలు మాత్రమే సమానమనీ, అప్పటికి మొదటి బస్సు 200 మీటర్లు, రెండోది 100 మీటర్లే వెళ్లాయనీ వైశాల్యాలు కట్టించి చూపారు. వేగాలు సమానమయ్యేదాకా ఎడం పెరుగుతూనే ఉంటుంది. గీతలు ఖండించుకున్న చోటికి అటూ ఇటూ వాటి మధ్య ఏర్పడే రెండు త్రిభుజాల వైశాల్యాలూ సమానమయ్యే 40వ సెకను దగ్గర, 400 మీటర్ల దూరాన, బస్సులు కలుస్తాయి. సమ త్వరణంతో వెళ్లే వస్తువు, సగటు వేగంతో స్థిరంగా వెళ్లే వస్తువు ఒకే కాలంలో ఒకే దూరం వెళ్తాయని 14వ శతాబ్దంలోనే ఫ్రాన్సుకు చెందిన నికోల్ ఒరెమ్ ఇలాంటి బొమ్మతోనే నిరూపించాడని కూడా చెప్పారు. వేగాలు సమానం కావడానికీ, బస్సులు కలవడానికీ ఉన్న తేడా తెలియనివారిని పదో తరగతి పూర్తయిన పిల్లల్లో కూడా నేను చూశాను.

లోటు కూడా ఉంది. గీత అడ్డం అక్షం కిందికి దిగే, అంటే వస్తువు వెనక్కి వచ్చే సందర్భాన్ని తొందరగా ముగించారు. 20 మీ/సె వేగంతో పైకి విసిరిన బంతి, గురుత్వ త్వరణం 10 మీ/సె² అనుకుంటే, 4 సెకన్లలో తిరిగి చేతికి వస్తుంది. అక్షం పైన 20, కింద 20 మీటర్ల వైశాల్యాలుంటాయి. స్థానభ్రంశం సున్నా, ప్రయాణించిన దూరం 40 మీటర్లు. దీనికి మరో పూట కేటాయించాల్సింది. కి.మీ/గం, నిమిషాలు కలిపి ఇచ్చే లెక్కలు కూడా అభ్యాస పత్రాల్లో తక్కువగా ఉన్నాయి. ఈ రెండూ ఇంట్లో చేయించగలిగే తల్లిదండ్రులు నిస్సంకోచంగా చేర్పించవచ్చు. చేయించలేనివారు చేర్చే ముందే మాస్టారిని అడిగితే, ఆయన ఆదివారం ఉదయం విడిగా చెబుతారు.