సైనాలజీ డీఎస్220+: పెళ్లి ఫోటోల స్టూడియోలో కొన్నేళ్ల వాడకం తర్వాత

మా స్టూడియోలో ఈ నాస్ బాక్సును, అంటే నెట్‌వర్క్‌కు తగిలించి అందరి ఫైళ్లూ ఒకేచోట దాచుకునే డిస్కుల పెట్టెను, 2021 నుంచి వాడుతున్నాం. కొన్నందుకు చింత లేదు. కానీ షాపువాళ్లు చెప్పే కారణానికి మాత్రం కొనకండి. ‘రెండు డిస్కులుంటాయి సార్, ఒకటి పోయినా రెండోదాంట్లో ఉంటుంది’ అంటారు. నిజమే. అయితే నేను చూసినంతలో ఫోటోలు డిస్కు చెడి పోయేదానికన్నా ఎవరో ఒకరు తప్పు ఫోల్డర్ డిలీట్ చేసి పోయేదే ఎక్కువ. అలా పోయినప్పుడు రెండు డిస్కుల్లోంచీ ఒకేసారి పోతాయి.

మా పని పెళ్లిళ్లు. 4కె వీడియో 100 ఎంబీపీఎస్‌లో (సెకనుకు 100 మెగాబిట్లు; ఎనిమిది బిట్లు ఒక బైట్) తీస్తే గంటకు 45 జీబీ. ఎదుర్కోలు నుంచి అప్పగింతల దాకా రెండు కెమెరాలు తిరిగితే, కెమెరా నుంచి నేరుగా వచ్చే ‘రా’ ఫోటోలతో కలిపి ఒక్క పెళ్లికే 400 జీబీ దాటేస్తుంది. మండపం దగ్గరే ఎక్స్‌టర్నల్ డ్రైవుకు ఎక్కించేస్తాం. మాఘం ముగిసేసరికి టేబుల్ నిండా డ్రైవులే. వాటిమీద స్కెచ్ పెన్‌తో రాసిన తేదీలు చెమట చేతులకు సగం చెరిగిపోయి ఉంటాయి.

వీటిలోని ఫైళ్లను నెట్‌వర్క్ మీదుగా నాస్‌లోకి పంపాలంటే లాప్‌టాప్ ఆ పనికే అంకితం. వైఫైలోనైతే ఆ ఊసే వద్దు. ఈ బాక్సుకు ముందువైపు యూఎస్‌బీ పోర్టు, ‘సి’ అని ఒక చిన్న బటన్ ఉన్నాయి. డ్రైవు గుచ్చి బటన్ నొక్కితే నేరుగా లోపలికి కాపీ అవుతుంది. మామూలు చిన్న డ్రైవు సెకనుకు 100 ఎంబీ (మెగాబైట్లు) అటూఇటూ ఇస్తుంది. నిండా ఉన్న 2 టీబీ డ్రైవుకు ఐదారు గంటలు పడుతుంది. రాత్రి పెట్టి ఇంటికెళ్తే పొద్దున్నకు కాపీ అయిపోయి, ఎజెక్ట్ కూడా అయి ఉంటుంది. కంప్యూటర్ జోలికి రాని మా లైటింగ్ కుర్రాడు కూడా చేసేస్తాడు. నా వరకు ఈ బాక్సు విలువంతా ఆ బటన్‌లోనే ఉంది. 2023లో వచ్చిన డీఎస్224+లో కూడా దాన్ని ఉంచారు.

ఈ కాపీని నడిపే యూఎస్‌బీ కాపీ యాప్‌లో మల్టీ-వెర్షన్, మిర్రరింగ్, ఇంక్రిమెంటల్ అని మూడు పద్ధతులుంటాయి. మిర్రరింగ్ పెట్టొద్దు. డ్రైవులో ఏముందో నాస్‌లోనూ అదే ఉంచడం దాని పని. వచ్చే సీజన్‌కని డ్రైవు ఖాళీ చేసి మళ్లీ గుచ్చారో, నాస్‌లోని పాత పెళ్లి కూడా ఖాళీ. ఇంక్రిమెంటల్ అయితే కొత్తవీ మారినవీ చేరుస్తుంది, డ్రైవులో లేనివాటిని నాస్‌లోంచి తీసేయదు. మాక్‌కీ విండోస్‌కీ పనికొస్తాయని మన డ్రైవులు ఎక్కువగా ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంటాయి కదా, దానికి ఒకప్పుడు విడిగా డబ్బు కట్టాల్సి వచ్చేది. నాస్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ డీఎస్ఎం 7.2 నుంచి ఉచితం.

కాపీ మధ్యలో ఆగిందంటే ముందు అనుమానించాల్సింది కేబుల్‌ను. పాత డ్రైవులకు వచ్చే ఆ వెడల్పాటి చప్పిడి పిన్ను కాస్త లూజైతే చాలు, చెయ్యి తగిలితే డిస్‌కనెక్ట్. చిన్న డ్రైవుల్లో చాలావాటికి ఆ పోర్టు లోపలి డిస్కు బోర్డుకే అతికి ఉంటుంది. అది ఊడితే లోపలి డిస్కు తీసి వేరే పెట్టెలో పెట్టుకోవడం కూడా కుదరదు. కేబుల్ వదులైన డ్రైవును నేను ముందు వరసలో కాపీకి పెడతాను.

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి డేటా స్క్రబింగ్, అంటే డిస్కుల్లో ఏ ఫైలైనా పాడైందేమో నాస్ వెతికి చూసే పని, అప్పుడే నడుపుతాం. ఇక కరెంటు సంగతి. యూపీఎస్ తప్పనిసరి. చౌక 600 వీఏ వాటిలో చాలావాటికి యూఎస్‌బీ పోర్టు ఉండదు. అది లేకపోతే బ్యాటరీ అయిపోతోందని నాస్‌కు తెలియదు, పద్ధతిగా షట్‌డౌన్ కాదు.

మొన్నామధ్య ఒకావిడ ఫోన్ చేసి, ‘బాబూ, మా మావగారు పోయారు. మా అమ్మాయి పెళ్లిలో ఆయన ఒక్కరే దిగిన ఫోటో ఏమైనా ఉందా? పెద్దకర్మకు ఫ్రేమ్ కట్టించాలి’ అన్నారు. 2019 పెళ్లి. ఫోల్డర్ పేరులో తేదీ ముందు ఉంటుంది కనుక ఆవిడ లైన్‌లో ఉండగానే దొరికింది. తలపాగాతో, చేతిలో కాఫీ గ్లాసుతో నవ్వుతున్న పెద్దాయన. ఆ పెళ్లి డ్రైవును మేం ఎప్పుడో చెరిపేసి వేరే పెళ్లికి వాడేశాం. అంటే ఆ ఫోటో నాస్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. డ్రైవు చెరిపిన రోజు నుంచి నాస్‌లో ఉన్నది బ్యాకప్ కాదు, అదే ఒరిజినల్. ఈ సంగతి చాలామంది పట్టించుకోరు.

అందుకే ఇప్పుడు వెనక పోర్టుకు పెద్ద డిస్కు తగిలించి నాస్‌లోని హైపర్ బ్యాకప్ యాప్‌తో ఇంకో కాపీ తీసి, దాన్ని ఇంటి బీరువాలో పెడుతున్నాం. అది అయ్యాకే డ్రైవులు చెరుపుతాం. క్లౌడ్ మా లెక్కకు సరిపడదు. 100 ఎంబీపీఎస్ లైను పూర్తి వేగంతో నడిచినా ఒక్క టీబీకే 22 గంటలు. ఆల్బమ్ డిజైన్లు, సెలక్షన్ అయిన జేపెగ్‌లు మాత్రం పంపుతాం.

లోట్లు కూడా చెప్పాలి. 8 టీబీ డిస్కులు రెండు పెడితే, రెండింట్లోనూ అవే ఫైళ్లు ఉంటాయి కనుక వాడుకోవడానికి మిగిలేది 7 టీబీ ప్రాంతం. వీడియో తీసేవాళ్లకు అది రెండు సీజన్లు కూడా రాదు. నెట్‌వర్క్ పోర్టు 1 గిగాబిట్టే కనుక నాస్ మీద నేరుగా ఎడిటింగ్ నత్తనడక. ఫోటోలు దిద్దే లైట్‌రూమ్ క్లాసిక్ సాఫ్ట్‌వేరైతే తన కేటలాగ్‌ను (ఫోటోల జాబితా ఫైలును) నెట్‌వర్క్ డ్రైవులో పెట్టనే పెట్టనివ్వదు. ఫోటోలు మాత్రమే తీసేవారికి ఈ బాక్సు చాలు. వీడియో కూడా ఉంటే మాత్రం నాలుగు డిస్కులు పట్టేదే తీసుకోండి. ఏది కొన్నా బాక్సుకన్నా డిస్కులకే ఎక్కువవుతుంది, బడ్జెట్ అలా వేసుకోండి.