టీపీ-లింక్ టీఎల్-ఎస్‌జీ108ఈ స్విచ్: క్యూఓఎస్ ఎంతవరకు పనికొస్తుంది?

మామూలు ఎనిమిది పోర్టుల గిగాబిట్ స్విచ్ వదిలి, కాస్త ఎక్కువ పెట్టి దీన్ని కొనే చిన్న ఆఫీసులకి ఒకటే ఆశ: ఎవరో పెద్ద ఫైలు ఎక్కిస్తున్నా ఐపీ ఫోన్లో మాట తెగకూడదు. ఆ పని ఇది చేస్తుంది. కానీ డబ్బాలోంచి తీసి తగిలించగానే కాదు.

ఏ ట్రాఫిక్‌కి ముందు దారివ్వాలో చెప్పే ఏర్పాటే క్యూఓఎస్. స్విచ్ సెట్టింగ్స్‌లో దాని పేజీలో మూడు పద్ధతులున్నాయి: పోర్టును బట్టి, 802.1పిని (ఏ ఉపనెట్‌వర్కుదో చెప్పే వీల్యాన్ ట్యాగ్‌లోని ప్రాధాన్యం అంకె) బట్టి, డీఎస్‌సీపీని (ఐపీ ప్యాకెట్ మీదుండే ప్రాధాన్యం అంకె) బట్టి. ఫోన్ల ట్రాఫిక్ వీల్యాన్ ట్యాగ్‌తో రాకపోతే ఫ్రేములో 802.1పి విలువ ఉండనే ఉండదు. చాలా ఫోన్లు మాటల ప్యాకెట్ల మీద డీఎస్‌సీపీ 46 వేసి పంపుతాయి కాబట్టి మూడోదే నయం. ఫోన్ వెనకే పీసీ తగిలించి ఉంటే పోర్టు పద్ధతి జోలికే పోవద్దు, పీసీ అప్‌లోడ్లకి కూడా అదే పెద్దపీట పడుతుంది.

అసలు తిరకాసు వేరే ఉంది. 50 ఎంబీపీఎస్ అప్‌లోడ్ కనెక్షన్‌లో ఇరుకంతా రౌటర్ దగ్గరే. స్విచ్ నుంచి రౌటర్ దాకా గిగాబిట్ దారి, ప్రాధాన్యాన్ని బట్టి ప్యాకెట్లని నిలబెట్టే స్విచ్‌లోని నాలుగు క్యూలూ ఖాళీగానే పడుంటాయి. వరుస స్విచ్‌లోనే కట్టాలంటే బ్యాండ్‌విడ్త్ కంట్రోల్‌లో రౌటర్ వైపు పోర్టు ఎగ్రెస్ (బయటికి పంపే) రేటుని 45,000 కేబీపీఎస్ దగ్గర బిగించాలి. జి.711 (ఐపీ ఫోన్లలో మాటని డిజిటల్‌గా మార్చే ఒక పద్ధతి) కాల్‌కి ఒక దిక్కున 87 కేబీపీఎస్ చిల్లర, పది కాల్సయినా ఒక ఎంబీపీఎస్ నిండదు. వదులుకున్న 5 ఎంబీపీఎస్ దండగేం కాదు.

ఈ హద్దు పెట్టాక ఫ్లో కంట్రోల్ (ఎదుటి పరికరాన్ని కాసేపు ఆగమని పాజ్ ఫ్రేము పంపే ఏర్పాటు) అన్ని పోర్టుల్లోనూ ఆపెయ్యాలి. పాజ్ ఫ్రేము వచ్చిందంటే లింకు మొత్తం ఆగుతుంది, ఫోన్ ప్యాకెట్ కదా అని దారివ్వదు. బఫరా (వరుసలో ప్యాకెట్లు ఆగే మెమరీ), 1.5 మెగాబిట్లే. 45 ఎంబీపీఎస్ వేగంలో అది 33 మిల్లీసెకన్ల సరుకు. నిండితే ప్యాకెట్లు రాలతాయి. రాలేవి అప్‌లోడ్‌వైతే టీసీపీ మళ్లీ పంపుకుంటుంది, మాటలవైతే పోయినట్టే.

రౌటర్ వైఫై మీదున్న ల్యాప్‌టాప్ అప్‌లోడ్ ఈ స్విచ్ గడప తొక్కదు. డౌన్‌లోడ్ కూడా దీని చేతిలో లేదు. పైగా పీసీ నుంచి వైఫైలోని మొబైల్‌కి ఫైలు పంపినా అదే 45 హద్దు. వైఫై వాడకం ఎక్కువున్నచోట ఆ డబ్బు క్యూఓఎస్ బాగా చేసే రౌటర్ మీద పెట్టడం మేలు.

అన్నట్టు, సేవ్ కాన్ఫిగ్ నొక్కడం మరిస్తే కరెంటు పోయి వచ్చేసరికి అంతా మొదటికొస్తుంది.